మూడు జతల పాళీ

అంబదాస్ తన కోడలు పరుగెత్తగా ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె బూట్లను మాత్రం రోజూ చూసేవాడు.

సూరత్‌లోని లింబాయత్‌లో సాంచలు నడిపే మనిషి అతను. సాంచ అంటే మరమగ్గం. కరోనా మొదటి ఏడాది ఊళ్ళకు వెళ్ళిపోయిన కూలీల్లో చాలామంది తిరిగి రాలేదు. మిగిలినవాళ్ళ మీదే పనంతా పడింది. 2021 దసరా దాటేసరికి అంబదాస్‌కు వారం మారినా పాళీ, అంటే షిఫ్టు, మారడం లేదు. ఎప్పుడూ రాత్రి పాళీయే. పొద్దున్న ఏడున్నరకు పని దిగి, చెవుల్లో ఇంకా సాంచల చప్పుడు మోగుతుండగా గల్లీలోకి తిరిగేవాడు. అప్పటికి కోడలు ఊర్మిళ పరుగు ముగించుకుని వచ్చి, స్నానం చేసి, పొయ్యి దగ్గర ఉండేది. అతను చెయ్యి కూడా కడుక్కోకుండా కిటికీ గట్టు దగ్గరికి పోయి అక్కడ ఆరబెట్టిన బూట్లను ఒక్కొక్కటే ఎత్తి చూసేవాడు. ఏ జత తడిసింది, ఏ అడుక్కి ఏ మట్టి అంటింది, మడమ ఏ పక్కకు అరుగుతోంది. గుడ్డ చేతికిస్తే నేసినవాడు ఎక్కడ కునికాడో చెప్పగలిగినవాడికి బూటు చూసి పరుగు చెప్పడం పెద్ద పనా అని అతని ధీమా.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. అతను, అతని అక్క వెంకటవ్వ, కోడలు. భార్య పోయి పన్నెండేళ్ళయింది. కొడుకు ఓంకార్‌ను ఆ తరవాత చూసుకుంది వెంకటవ్వే. ఓంకార్ సూరత్ శివార్లలోని ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు, కంపెనీ బస్సులో పోయి వచ్చేవాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో జ్వరంతో ఆసుపత్రికి పోయినవాడు తొమ్మిదో రోజు లేడు. ఇరవై ఏడేళ్ళు. పెళ్ళయి రెండేళ్ళు.

ఊర్మిళ అన్న భివండీలో ఉంటాడు. కర్మకాండ అయిన రోజే చెల్లెల్ని తీసుకుపోతానన్నాడు. ఊర్మిళ కొన్నాళ్ళు ఆగమంది. ఆ కొన్నాళ్ళు సాగి సాగి చివరికి జనవరి దాకా అని గడువు పడింది. జనవరి దాటితే తనే వచ్చి తీసుకుపోతానని ఫోన్లో ఖాయంగా చెప్పాడు. అతను చెడ్డవాడు కాదు. అక్కడ ఇద్దరు పిల్లలు, ఒకే గది, వదినకు ఒంట్లో బాగుండదు. ఊర్మిళ అక్కడికి పోతే తన బతుకు ఏమవుతుందో ఆమెకు తెలుసు, అంబదాస్‌కూ తెలుసు. ఉండిపొమ్మని అడిగే హక్కు తనకుందో లేదో మాత్రం అతనికి తేలలేదు.

అంతలో కానిస్టేబుల్ ఉద్యోగాల ప్రకటన వచ్చింది. ఊర్మిళ సూరత్‌లోనే పుట్టింది, గుజరాతీ మీడియంలో పన్నెండు దాకా చదివింది. చదువు సంగతి ఆమె చూసుకుంటుంది. కానీ అన్నిటికంటే ముందు పరుగు. ఆడవాళ్ళయితే పదహారు వందల మీటర్లు తొమ్మిదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. చేయకపోతే రాత పరీక్షకు పిలుపే రాదు. పరుగు దాటితే ఉండటానికి ఒక కారణం దొరుకుతుంది. దాటకపోతే భివండీ.

మొదటి పది రోజులు ఆమె పట్టీ చెప్పులతోనే పరుగెత్తింది. పదకొండో రోజు మోకాలి కింద ఎముక పట్టేసి గోడ పట్టుకుని నడిచింది. మామకు నేరుగా చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. మామ అక్కడే మూడడుగుల దూరంలో కూర్చుని అన్నం తింటున్నా, మాట వెంకటవ్వ మీదుగా పోవలసిందే.

"అత్తమ్మా, సిమెంటు రోడ్డు మీద గిట్ల చెప్పులేసుకొని ఉరికితే బొక్కలు పాడైతయట. ఫోన్ల చూసిన. ఒక్క జత బూట్లు సరిపోవట."

వెంకటవ్వ తమ్ముడి వైపు తిరిగి, ఆమె అన్న మాటే మళ్ళీ అనబోయి ఆగింది. "ఇన్నవ్ గద. మల్లా నేనెందుకు చెప్పాలె? మీ ఇద్దరి నడుమ నేనేమన్న టెలిఫోన్ తీగనా?"

అయినా తీగ పని తప్పలేదు. ఆ పూట ఆమె మీదుగా అంబదాస్ చాలా నేర్చుకున్నాడు. బూటు అడుగున నురగలాంటి మెత్త ఉంటుంది. పరుగెత్తినప్పుడు మనిషి బరువుకు అది అణిగిపోతుంది. మళ్ళీ ఉబ్బి తన రూపానికి రావడానికి ఒక రోజు పడుతుంది. రోజూ అదే జత వేస్తే మెత్త చచ్చిపోతుంది, ఆ దెబ్బ ఎముకకు తగులుతుంది. పైగా సిమెంటు రోడ్డుకు మెత్త ఎక్కువున్నది కావాలి, తడి నేలకు లోతు గాట్లున్న అడుగు కావాలి, వేగంగా ఉరకాల్సిన రోజుకు తేలికది కావాలి. అణిగిన మెత్త తిరిగి లేస్తుందన్న మాట అతనికి బాగా నచ్చింది. 

"అంటే బూట్లకు గూడ పాళీ ఉండాలె," అన్నాడు చివరికి. "పన్నెండు గంటలు నడిసినంక మనిషి పండాలె. గదే కత."

ఇక ఆ పని తన చేతిలోకి తీసుకున్నాడు. కోడలి కాలు మామ కొలవడం కుదరదు కాబట్టి వెంకటవ్వ నూలుపోగుతో ఆమె పాదం పొడుగు కొలిచి ఒక ముడి, వెడల్పు కొలిచి ఇంకో ముడి వేసి ఇచ్చింది. అంబదాస్ ఆ పోగు జేబులో పెట్టుకుని ఆదివారం బజారుకు పోయాడు. పాత బూట్లమ్మే చోట కూర్చుని ఒక్కో బూటునూ మధ్యకు వంచి, బట్ట పిండినట్టు మెలిపెట్టి, మడమ దగ్గర బొటనవేలితో నొక్కి, నొక్కిన చోటు ఎంతసేపట్లో లేస్తుందో చూశాడు. అమ్మేవాడు విసుక్కున్నా లేవలేదు. రెండో ఆదివారానికి రెండు జతలు తేలాయి. ఒకటి బూడిద రంగుది, అడుగు ఇడ్లీలా మెత్తగా ఉంటుంది, అది సిమెంటు రోడ్డుకు. రెండోది ఎర్రది, బరువైనది, అడుగున వేలు దూరేంత గాట్లు. దాన్ని చూసి వెంకటవ్వ, ఇది బూటా ట్రాక్టరు టైరా, దీనికి డీజిలు ఎక్కడ పోయాలి అని అడిగింది. అది వానకూ బురదకూ.

తేలిక జత ఎక్కడా దొరకలేదు. దొరికినవి అణిగిపోయినవి. మూడో ఆదివారం అంబదాస్ బజారుకు పోకుండా స్టూలెక్కి అటక మీది అట్టపెట్టె దించాడు.

అవి ఓంకార్‌వి. నీలం రంగువి. మార్చిలో జరగాల్సిన కంపెనీ పరుగుపందెం కోసం 2020 ఫిబ్రవరిలోనే ముచ్చటపడి కొత్తవి కొనుక్కున్నాడు. పందెం జరగలేదు. దేశమే ఆగిపోయింది. నాలుగు సార్లు తొడిగి, మళ్ళీ పందెం పెడతారులే అని పెట్టెలో దాచాడు. చేతిలోకి తీసుకుంటే పిట్టంత బరువు. మెత్త ఇంకా సజీవంగా ఉంది. ఓంకార్ పొట్టివాడు, చిన్న పాదం. ఊర్మిళ పాదానికి ఒక్క సైజు పెద్దవి, అంతే.

ఆ ఒక్క సైజే అసలు చిక్కు. ముందు భాగంలో నూలు పీచు కుక్కితే వేళ్ళకు సరిపోయింది. కానీ పైనున్న జాలీబట్ట వదులుగా ఉండి పాదం లోపల పక్కకు జారుతోంది. అంబదాస్ తనకు తెలిసిన వైద్యమే చేశాడు. నూలు సాంచ మీదికి ఎక్కే ముందు దానికి గంజి పడుతుంది, ఆ గంజితోనే పోగు నిటారుగా నిలుస్తుంది. ఆ గంజి పట్టే కారఖానాలో తెలిసినవాళ్ళ దగ్గర డబ్బాడు తెచ్చి, జాలీబట్టకు లోపలా బయటా కుంచెతో పూసి, ఎండబెట్టి, మళ్ళీ పూసి, మూడు పూతలు పెట్టాడు. బట్ట రేకులా బిగుసుకుంది. బూటు పాదం చుట్టూ పెట్టెలా నిలబడింది.

కోడళ్ళు చెప్పులు మామల కంటపడకుండా తలుపు వెనక విడిచే ఇల్లు అది. ఆ ఇంటి గడపలో కూర్చుని, కోడలు తొడుక్కోబోయే బూటును ఒళ్ళో పెట్టుకుని అంబదాస్ కుంచె తిప్పుతున్నాడు. నీళ్ళ బిందెతో బయటికి వచ్చిన ఊర్మిళ అది చూసి బిందెతోనే వెనక్కి పోయింది. వెంకటవ్వ మాత్రం పోలేదు.

"ఏందిరా తమ్మీ, పిల్ల చెప్పులు నువ్వు ముడుతవా? మన నాయిన చూస్తే ఏమంటుండె?"

"నాయిన లేడు. వాడూ లేడు. బూట్లున్నయ్," అన్నాడు అంబదాస్, తల ఎత్తకుండా.

 లోపల ఊర్మిళ ఆ మాట విన్నది.

పాళీ ఖాయమైంది. సోమ, గురువారాలు బూడిద జత, రోడ్డు మీద నింపాదిగా ఎక్కువ దూరం. మంగళ, శుక్రవారాలు నీలం జత, బడి మైదానంలో గడియారం పెట్టుకుని వేగం. వాన పడితే ఏ రోజైనా ఎర్రది. బుధ, శనివారాలు నడక. ఆదివారం అన్నిటికీ సెలవు. ఇదంతా రాసి పెట్టే అలవాటు అంబదాస్‌కు లేదు. ప్రతి జతకూ మడమ దగ్గరి పట్టీకి ఒక నూలుపోగు కట్టాడు. ఒక పరుగైతే ఆ పోగుకు ఒక ముడి. అతను వచ్చేసరికి ముడి పడి ఉండాలి.

ముడులు పెరుగుతున్నకొద్దీ అతను కొంచెం మారాడు. సాంచల దగ్గర పోగు తెగితే అతుకుతూ పక్కవాడికి బూటు మెత్త గురించి చెప్పేవాడు. వాడికి వినబడేది కాదు, ఆ చప్పుడులో ఎవరికీ ఏదీ వినబడదు. అయినా చెప్పేవాడు. ఓంకార్ పోయాక ఏడు నెలలకు అతను చెప్పుకోవడానికి ఒక సంగతి దొరికింది. అన్నింటికంటే నీలం జత పోగు చూసి మురిసిపోయేవాడు. డిసెంబరు ఆఖరుకు వచ్చేసరికి దానికి పన్నెండు ముడులు.

ఒకటి రెండు తేడాలు అతని కంటికి తగిలాయి. ఆ ముడులు నేతవాళ్ళ ముడులు కావు, పెరుగు మూట కట్టినట్టు లావుగా ఉన్నాయి. ముడులు వేసేది అక్క అనుకుని, ఆమె వేళ్ళు పట్టు తప్పాయిలే అని సరిపెట్టుకున్నాడు. నీలం బూట్లు మరీ శుభ్రంగా కూడా ఉంటున్నాయి. బడి మైదానంలో దుమ్ము తక్కువ కాబోలు అనుకున్నాడు. ఒక గుడ్డలో ఇన్ని తప్పులు కనబడితే సాంచ ఆపి చూసేవాడే. ఇక్కడ ఆపలేదు.

పరుగు పరీక్ష రెండు రోజులుందనగా కాలం కాని కాలంలో వాన పట్టుకుంది. పరీక్ష రోజు తెల్లవారేసరికి తగ్గింది కానీ జల్లు పోలేదు. అంబదాస్ ముందటి రాత్రి పాళీకి సెలవు పెట్టాడు. వెంకటవ్వ ఇద్దరికీ చపాతీలు కట్టిచ్చింది. ఊర్మిళ సంచిలో మూడు జతలూ సర్దింది. మారుతూ మారుతూ రెండు ఆటోల్లో ఊరి బయటి పోలీసు మైదానానికి చేరారు. మామా కోడళ్ళు ఇద్దరే అంత దూరం కలిసి పోవడం అదే మొదలు. మధ్యలో మాట మోయడానికి ఎవరూ లేకపోవడంతో దారంతా ఇద్దరూ మాస్కులు కట్టుకుని చెరో పక్కకు చూస్తూ కూర్చున్నారు.

గేటు దగ్గర వందమందికి పైగా ఆడపిల్లలు, వాళ్ళ వెంట వచ్చిన అన్నలు, నాన్నలు. నుదుటికి యంత్రం పెట్టి జ్వరం చూసి, కాగితాలు చూసి, పిల్లల్ని మాత్రమే లోపలికి పంపుతున్నారు. గోడ ఎత్తుగా ఉంది. లోపల ఏమీ కనబడదు. తమ వంతుకు ఇంకా కాస్త టైముంది. అంబదాస్ గోడవార రేకు కింద సంచి విప్పి నీలం జత తీశాడు.

"ఇవ్వే ఏసుకో బిడ్డా. మూడు దినాలు పండుకున్నయ్, మంచిగ ఉరుకుతయ్. వాని బూట్లు, వాని దీవెన."

ఊర్మిళ చెయ్యి చాపలేదు.  నేల వైపు చూస్తూ నిలబడింది.

బూటు తుడుద్దామని అంబదాస్ దాన్ని రేకు కింద నుంచి కొంచెం బయటికి పట్టాడు. జల్లు పడింది. జాలీబట్ట మీద అతని వేళ్ళు జారాయి. చూసుకుంటే వేళ్ళకు తెల్లగా, జిగురుగా అంటింది. మళ్ళీ రుద్దాడు. మళ్ళీ అంటింది. రేకులా ఉన్న బట్ట ఆ ఒక్క చోట మెత్తబడి లోపలికి పోయింది.

ముప్ఫై రెండేళ్ళుగా అతనికి తెలిసిన సంగతే. నూలుకు గంజి పట్టేది సాంచ మీద నిలవడానికి. గుడ్డ దిగాక మిల్లులో నీళ్ళలో ముంచి ఆ గంజిని వదిలిస్తారు. నీళ్ళు తగిలితే పోవాలనే దాన్ని తయారు చేస్తారు. తన కొడుకు బూటుకు దాన్ని మూడు పూతలు పూసేటప్పుడు ఒక్కసారి కూడా ఆ మాట తోచలేదు.

బూటు తిరగేశాడు. అడుగున కొత్త రబ్బరు మీద ఉండే సన్నని మొలకలు, వెంట్రుకల్లాంటివి, మూడొంతులు అలాగే ఉన్నాయి. పన్నెండు ముడుల బూటుకు అవి ఉండకూడదు. సంచిలోంచి బూడిద జత తీశాడు. దాని మడమ బయటి పక్క వాలుగా అరిగిపోయి ఉంది. వారానికి రెండు రోజులు నడిచిన బూటు కాదు అది, పరుగున్న ప్రతి రోజూ నడిచిన బూటు.

"ఈ నీలంవి ఎన్ని దినాలు ఏసుకున్నవ్?" అని అడిగాడు.

 గేటు దగ్గర ఎవరో పేర్లు పిలుస్తున్నారు.

"రెండే," అంది ఊర్మిళ. "మొదటి దినం మడిమ కోసింది. రెండో దినం మంచుకు లోపల జిగట జిగటయ్యి కాలు జారి పడ్డ."

"మరి ముడులు?"

"నేనే ఏసిన."

"ఎందుకు చెప్పలే బిడ్డా?"

ఆమె ఈసారి తల ఎత్తి చూసింది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. "ఆయనవి. మీరు ఒళ్ళె పెట్టుకొని చేసిండ్రు. గవ్వి కాలు కోస్తున్నయని నేను ఎట్ల చెప్పాలె మామా?"

మామా అని ఆమె తనను నేరుగా పిలవడం అతనికి గుర్తున్నంతలో అదే మొదటిసారి. అంబదాస్ తడి చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. కోపం వస్తుందేమోనని తనే ఒక్క క్షణం చూశాడు. రాలేదు. రెండు నెలలుగా తను బూట్ల వైపు మాత్రమే చూశాడు, అది తట్టింది.

"లోపట నేల ఎట్లున్నదో?" అన్నాడు.

"ఇప్పుడు బయటికొచ్చిన పోరి కాళ్ళు చూసిన. మోకాళ్ళ దాక బురద."

"అయితే నువ్వే చెప్పు. ఏది?"

ఊర్మిళ వంగి సంచిలోంచి ఎర్ర జత తీసుకుంది. ట్రాక్టరు టైర్లు. రేకు కింద గట్టు మీద కూర్చుని తొడుక్కుంది కానీ చలికి వేళ్ళు కొంకర్లు పోయి దారం జారిపోతోంది. గేటు దగ్గర ఆమె పేరు పిలిచారు. అంబదాస్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె పాదాలు గభాలున వెనక్కి లాక్కుంది.

"వద్దు మామా, పాపం తగుల్తది నాకు."

"పోగు తెగితే సాంచ కింద దూరి అతుకుతలేనా? ఇది గంతే. కాలు ఇటియ్యి."

రెండు బూట్లకూ నేతవాడి ముడి వేశాడు. అది చిన్నగా ఉంటుంది, లాగితే ఇంకా బిగుస్తుంది, తడిస్తే అసలే ఊడదు. ఆమె లేచి గేటు వైపు ఉరికింది. అప్పుడు చూశాడు, కోడలు పరుగెత్తడం. ఒక ఇరవై అడుగులు. కుడి కాలు కొంచెం బయటికి విసురుతుంది. బూడిద బూటు మడమ అక్కడే ఎందుకు అరిగిందో తెలిసింది.

కాసేపటికి గోడ అవతల ఈల మోగింది. అంబదాస్ దగ్గర గడియారం లేదు, సంచిలో ఉన్న ఆమె ఫోను తెరవడం అతనికి రాదు. అతనికి తెలిసిన గడియారం ఒకటే. తన సాంచ నిమిషానికి నూట నలభై పోట్లు కొడుతుంది, ఆ లయ ఒంట్లోనే ఉంది. కాలి వేలితో నేల మీద కొడుతూ లెక్క పెట్టాడు. తొమ్మిదిన్నర నిమిషాలంటే పదమూడు వందల ముప్ఫై. నాలుగు వందల దగ్గర అవతల ఎవరో పడ్డట్టు అరుపు వినబడింది. కాలు మాత్రం ఆపలేదు. ఎనిమిది వందలు. తొమ్మిది వందలు. చేతుల్లో నీలం బూట్లు ఉన్నాయని, తను రేకు కింద నుంచి ఎప్పుడో బయటికి వచ్చేశానని అప్పుడు గమనించాడు. జల్లుకు బూట్లలోంచి గంజి పాలలా కారి అతని మణికట్ల మీదుగా పోతోంది. పదకొండు వందల దగ్గర లెక్క తప్పింది. తప్పినాక బూట్లను అలాగే వానలో పట్టుకుని నిలబడ్డాడు. గంజి మొత్తం పోయింది. జాలీబట్ట పలచగా, మెత్తగా, ఓంకార్ దుకాణం నుంచి తెచ్చిన రోజున ఉన్నట్టే అయింది.

ఊర్మిళ బయటికి వచ్చేసరికి నడుము దాకా బురద. ఎర్ర బూట్ల రంగు కనబడటం లేదు. ముడులు మాత్రం వేసినచోటే ఉన్నాయి. నేరుగా అతని దగ్గరికే వచ్చింది.

"ఎనిమిదీ యాభై రెండు," అంది, ఊపిరి అందక. "మూల మీద ఇద్దరు పడ్డరు. నాకు జారలే."

అంబదాస్ తల ఊపాడు, మళ్ళీ ఊపాడు. చపాతీల పొట్లం ఆమె చేతిలో పెట్టాడు.

తిరుగు ఆటోలో ఆమె అన్నకు ఫోన్ చేసింది. పరుగు దాటింది, ఇంకా రాత పరీక్ష ఉంది, జనవరిలో రావద్దు, వస్తే చూసిపోవడానికి రమ్మని చెప్పింది. అవతల అతను ఏమన్నాడో గానీ ఆమె నవ్వింది. ఫోన్ పెట్టేశాక ఒళ్ళో ఉన్న నీలం బూట్లను చూసింది. పోగుకు లావుపాటి ముడులు పన్నెండు.

"దొంగ ముడులు," అన్నాడు అంబదాస్. "కొయ్యాలె."

"అన్ని కాదు. రెండు నిజమైనయి. అవ్వి ఉంచుండ్రి."

తరవాత అడిగింది. "మీ ముడి ఎట్ల ఏస్తరు మామా? చూపెడ్తరా?"

అతను జేబులో వెతికాడు. రెండు నెలల కిందట వెంకటవ్వ కొలిచి ఇచ్చిన నూలుపోగు ఇంకా అక్కడే ఉంది. గుంటలకు ఆటో ఎగురుతుంటే, పక్కన కూర్చున్న ముసలాయన తనూ మెడ చాచి చూస్తుంటే, అంబదాస్ పోగు రెండు కొసలు పట్టుకుని మెల్లగా చేసి చూపించాడు. మొదటిసారి ఆమెకు రాలేదు. రెండోసారీ రాలేదు. లింబాయత్ రాకముందే వచ్చింది.